కాన్పు గదిలో తెలిసిన ముఖం

(కోడంబాక్కంలో జరిగిన మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత నర్సింగ్ ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం. వారి కోరిక మేరకు పేరు ప్రచురించడం లేదు.)



నేను ఈ కోడంబాక్కం పిల్లనే. మా నాన్న నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడి స్టూడియోల్లో లైట్లు మోసే పని చేశారు. అప్పట్లో ట్రస్ట్‌పురం, వడపళని వీధుల్లో లైట్‌మెన్లు, టైలర్లు, మేకప్ పనివాళ్ళు, డాన్సర్లు ఎంతోమంది తెలుగువాళ్ళు ఉండేవారు. షూటింగ్ ఉంటే ఇంట్లో అన్నం, లేకపోతే అప్పు. నేను 1988లో జి.ఎన్.ఎం. పూర్తి చేశానంటే, నా పుస్తకాలకు, యూనిఫారానికి మీలాంటి పెద్దలు డబ్బు ఇవ్వబట్టే. అందుకే ఈ సభకు పిలిచినప్పుడు మారు మాట్లాడకుండా వచ్చాను.

ఈసారి ఉపకార వేతనం తీసుకుంటున్నవాళ్ళలో నర్సింగ్ చదువుతున్న పిల్లలు ఉన్నారని చెప్పారు. వాళ్ళ తల్లిదండ్రులు కొందరు ఇందాక నాతో మాట్లాడారు. ఒక తల్లి అడిగింది: "అమ్మా, రాత్రి డ్యూటీలు, రక్తాలు, కాన్పులు. మా పిల్ల ఇది తట్టుకుంటుందా?" ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. నాకు తెలిసిన రెండు రకాల కాన్పు గదుల సంగతి చెబుతాను. వింటే జవాబు మీకే తెలుస్తుంది.

మొదటిది ఒక పెద్ద ఆసుపత్రి. ఊరు, పేరు వద్దు. 1988 నుంచి ఆరేళ్ళకు పైగా అక్కడ పని చేశాను. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, మూడు డ్యూటీలు. ఒక రాత్రికి పది పన్నెండు కాన్పులు చూసిన రోజులున్నాయి. పని నేర్చుకున్నానంటే అక్కడే నేర్చుకున్నాను, ఆ రుణం మరచిపోను. కానీ ఒక రాత్రి జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

నిండు చూలాలు ఒకామె ఉదయం చేరింది. తల నొప్పిగా ఉందని, కళ్ళ ముందు మెరుపుల్లాగా కనిపిస్తున్నాయని ఉదయం సిస్టర్‌తో చెప్పింది. ఆ సిస్టర్ డ్యూటీ దిగిపోతూ పక్కామెకు "తలనొప్పి అంటోంది" అని మాత్రం చెప్పింది. మెరుపుల మాట అక్కడే ఆగిపోయింది. రాత్రి నేను ఎక్కేసరికి తలనొప్పి మాట కూడా నా దాకా రాలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఇద్దరికి చెప్పి విసిగిపోయి, మూడో మనిషికి ఏం చెబుతుంది? తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేది దాన్నే. తల్లిని డాక్టర్లు బతికించారు. బిడ్డ దక్కలేదు.

ఆ రోజు ముగ్గురం మంచి నర్సులమే. ఎవరి పని వాళ్ళం చేశాం. కానీ ఆ తల్లిని పూర్తిగా ఎరిగినవాళ్ళు మా ముగ్గురిలో ఒక్కరూ లేరు. చాలా రోజులు నా తప్పేనని ఏడ్చాను. పని అలా ముక్కలు ముక్కలుగా పంచిపెట్టి ఉంటే ఎంత మంచి నర్సు అయినా ఏదో ఒక ముక్క జారవిడుస్తుందని తరవాత అర్థమైంది.

రెండోది 1995లో నేను చేరిన చిన్న ప్రసూతి ఆసుపత్రి. నెల్లూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. ఒక లేడీ డాక్టరమ్మ, నలుగురు మిడ్‌వైఫ్‌లం, ఒక ఆయా, ఒక జీపు. డాక్టరమ్మ మా నలుగురికీ చుట్టుపక్కల పల్లెలు పంచి ఇచ్చారు. నెల తప్పిందని ఒక తల్లి వస్తే, ఆ రోజు నుంచి బాలింత స్నానం దాకా ఆమెను ఒకే మిడ్‌వైఫ్ చూడాలి. ఆ మిడ్‌వైఫ్‌కు జత ఒకరు ఉంటారు. ఆ జత మనిషి కూడా ఆ తల్లిని కనీసం రెండుసార్లు చూసి ఉండాలి. కాన్పు ఏ రాత్రి వచ్చినా ఇద్దరిలో ఒకరు ఉంటారు. కాన్పు గదిలోకి తెలియని ముఖం రాకూడదు. అదే అక్కడి నియమం.

దీన్నే పుస్తకాల్లో కొనసాగే సంరక్షణ అంటారు. మన ఊళ్ళలో మంత్రసాని చేసింది ఒక విధంగా ఇదే. మీ నాయనమ్మలను అడగండి, తమకు పురుడు పోసిన మంత్రసాని పేరు చెబుతారు. నిన్న మొన్న ఆసుపత్రిలో కాన్పయిన అమ్మాయిని అడగండి, నర్సు పేరు తెలియదు. అలాగని మంత్రసాని రోజులే మంచివని నేను అనడం లేదు. ఆ రోజుల్లో ఎంతమంది తల్లులు పోయారో నాకు తెలుసు. మంత్రసానికి ఉన్న పరిచయం, చదువుకున్న నర్సుకు ఉన్న విద్య, అవసరమైనప్పుడు డాక్టరు చేయి, ఈ మూడూ ఒకచోట ఉండాలంటున్నాను.

అక్కడ 1997లో జరిగింది చెబుతాను. నా జత సిస్టర్ తమ్ముడి పెళ్ళికి వెళ్ళింది. ఆమె తల్లుల్లో ఒకామె ఎనిమిదో నెలలో మామూలుగా చూపించుకోవడానికి వచ్చింది. ఏ బాధా లేదంది. కానీ గుమ్మంలోకి రాగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. అంతకు ముందు రెండుసార్లు చూశాను కదా, ఆ ముఖం నాకు తెలుసు. ఇప్పుడు ఉబ్బి ఉంది. "ఉంగరం ఏదమ్మా?" అన్నాను. "వేలికి పట్టడం లేదు నర్సమ్మా, తీసి పెట్టెలో పెట్టా" అంది. బీపీ చూస్తే చాలా ఎక్కువ. మూత్రం పరీక్షలోనూ తేడా కనిపించింది. డాక్టరమ్మ చూసి వెంటనే ఇవ్వాల్సిన మందు ఇచ్చారు. అప్పటికి 108 అంబులెన్సు లేదు, మా జీపులోనే నెల్లూరు తీసుకెళ్ళాం. దారి పొడుగునా నేను ఆమె చేయి పట్టుకునే ఉన్నాను. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు.

తెలిసిన ముఖం అంటే తల్లికి ధైర్యం కోసమే అనుకుంటాం. అది నిజమే. ఆమె ముఖం నాకు తెలిసి ఉండటం కూడా అంతే ముఖ్యం. కొత్త మనిషిని చూస్తే ఆ వాపు నేను పట్టేదాన్ని కాదేమో. ఈమె మనిషే ఇంత అనుకునేదాన్ని.

ఇక్కడ మన తెలుగువాళ్ళ ఆచారం గురించి ఒక మాట. తొలి కాన్పు పుట్టింట్లో చేస్తాం. అమ్మాయి అత్తవారింట ఏడు నెలలు ఒక ఆసుపత్రిలో చూపించుకుని, తరవాత పుట్టింటికి వెళ్తుంది. మద్రాసులో కాపురం, నెల్లూరులోనో చిత్తూరులోనో కాన్పు. తల్లి దగ్గర ఉంటే ఆ పిల్లకు మనశ్శాంతి, ఆచారం మంచిదే. కానీ సరిగ్గా జాగ్రత్తగా ఉండాల్సిన నెలల్లో ఆమెను ఎరిగినవాళ్ళు మారిపోతారు. మా దగ్గరికి ఏడో నెలలో అలా వచ్చిన అమ్మాయిలకు చాలామందికి చేతిలో ఒక్క కాగితం కూడా ఉండేది కాదు. అందుకే మేం ప్రతి తల్లికీ ఒక నోటు పుస్తకం పెట్టాం. బీపీ, రక్తం, బరువుతో పాటు ఆమెకు దేనికి భయం, ఇంట్లో ఎవరి మాట వింటుంది, ముందు కాన్పులో ఏం జరిగింది, అన్నీ రాసేవాళ్ళం. పుస్తకం తల్లి దగ్గరే ఉండేది. తల్లిదండ్రులకు నా విన్నపం ఇది: మీ అమ్మాయిని పుట్టింటికి తెచ్చుకునేటప్పుడు పసుపు కుంకుమతో పాటు ఆసుపత్రి కాగితాలన్నీ తెచ్చుకోండి. కాన్పు జరిగే చోట నెలలు నిండక ముందే రెండు మూడుసార్లు చూపించండి.

ఇంతవరకు తియ్యని సంగతులు చెప్పాను. నర్సింగ్ పిల్లలు రెండో వైపు కూడా వినాలి.

చిన్న బృందంలో పని అంటే మీ రాత్రులు మీవి కావు. మా ఇంట్లో ఫోను లేదు, పక్కింటికి వచ్చేది. అర్ధరాత్రి పక్కింటాయన తలుపు కొడితే మా ఆయన నాకంటే ముందు లేచేవారు, పాపం. మా అబ్బాయి పదో తరగతి పరీక్షల వారంలో నేను నాలుగు రాత్రులు ఇంట్లో లేను. వాడు ఏమీ అనలేదు. పెద్దయ్యాక ఒకసారి, "అమ్మా, ఊళ్ళో పిల్లలందరికీ నువ్వు ఉన్నావు" అన్నాడు. అది మెచ్చుకోలో, దెప్పో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంకొకటి, నలుగురే ఉన్నచోట గొడవ వస్తే దాక్కోవడానికి చోటు ఉండదు. పెద్ద ఆసుపత్రిలో ఒకరితో పడకపోతే వేరే డ్యూటీ అడుక్కోవచ్చు. ఇక్కడ కుదరదు. కొందరు తల్లులు మాలో ఒక సిస్టర్‌నే కావాలనేవారు. మిగతా వాళ్ళకు మనసు చివుక్కుమనేది. నాకూ అసూయ కలిగింది, ఒప్పుకుంటాను. మూడో ఏడు మాలో ఒకరు మానేసింది. చంటిబిడ్డతో ఈ పిలుపులు తట్టుకోలేనంది. కొత్త మనిషి దొరకలేదు. నలుగురి పని ముగ్గురం చేశాం. ఆరు నెలల్లో ఒకరికి ఆరోగ్యం చెడింది, నాకు మాట విసురు వచ్చింది. ఒక తల్లిని నొప్పుల్లో కసిరాను. ఆ రోజు డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచారు. తిట్టలేదు. "నీకు నిద్ర ఎన్నాళ్ళయింది?" అని అడిగారు. ఏడ్చేశాను.

తరవాత కూర్చుని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. వారంలో ఇన్ని రాత్రులు ఎవరూ పిలవకూడదు, ప్రాణం మీదికి వచ్చినా జత మనిషే వెళ్ళాలి. ఒక నెలలో ఒక్కొక్కరికి ఇంతమంది తల్లులకు మించి తీసుకోకూడదు, మించితే డాక్టరమ్మే వేరే చోటికి పంపాలి. సోమవారం మధ్యాహ్నం టీ తాగుతూ అన్ని నోటు పుస్తకాలూ అందరం కలిసి చూడాలి. అనుమానం వస్తే ఎంత రాత్రయినా సిగ్గుపడకుండా డాక్టరమ్మను లేపాలి, ఆమె విసుక్కోకూడదు. ఈ చివరిది మాత్రం ఆమె తనే రాయించారు. ఆ తరవాత కొత్త సిస్టర్ వచ్చింది, మళ్ళీ నలుగురం అయ్యాం. 2004లో డాక్టరమ్మ విశ్రాంతి తీసుకునేదాకా అలాగే నడిచింది. తరవాత కాన్పుల వార్డు మూసేశారు. నేను మద్రాసు వచ్చి నర్సింగ్ పాఠాలు చెప్పుకున్నాను.

ఇది మా ఒక్క ఊరి సంగతే అయితే ఇంతసేపు చెప్పేదాన్ని కాదు. ఇంగ్లండులో 2016లో ప్రసూతి సేవల మీద ఒక జాతీయ సమీక్ష, నలుగురి నుంచి ఆరుగురు మిడ్‌వైఫ్‌ల చిన్న బృందాలు పెట్టి, ప్రతి తల్లికీ తెలిసిన మిడ్‌వైఫ్ ఉండాలని చెప్పింది. ఆసుపత్రులకు లక్ష్యాలు పెట్టారు. కానీ చాలినంతమంది మిడ్‌వైఫ్‌లు లేరు. ఉన్నవాళ్ళను లాగి బృందాలు పెడితే మిగతా వార్డులు ఖాళీ అయ్యాయి. చివరికి 2022లో ఆ లక్ష్యాల గడువులు తీసేసి, ముందు సిబ్బంది చాలినంత ఉండాలి అన్నారు. మా ఊళ్ళో ముగ్గురం పడిన బాధే, దేశమంతా పడింది. న్యూజీలాండ్‌లో మాత్రం 1990లో చట్టం మార్చి, మిడ్‌వైఫ్ సొంత బాధ్యత మీద తల్లిని మొదటి నుంచి చివరిదాకా చూసే వీలు కల్పించారు. అది ఈనాటికీ నడుస్తోంది.

ఇలాంటి పద్ధతి మీద ప్రపంచంలో జరిగిన 17 పరిశోధనలను 2024లో ఒకచోట చేర్చి చూశారు. వాటిలో 18,000 మందికి పైగా తల్లులు ఉన్నారు. తెలిసిన మిడ్‌వైఫ్‌లు చూసిన తల్లులకు మామూలు కాన్పులు కొంచెం ఎక్కువ, ఆపరేషన్లు కొంచెం తక్కువ, తల్లుల తృప్తి ఎక్కువ అని తేలింది. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం డబ్బున్న దేశాల్లో జరిగినవని కూడా గుర్తుంచుకోవాలి. మన ఊళ్ళకు అచ్చంగా అతికించలేం.

మన దగ్గర అవసరం ఎంత ఉందో చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వంద కాన్పుల్లో 21 సిజేరియన్లు. తమిళనాడులో సుమారు 45, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60 దాటాయి. సిజేరియన్ ప్రాణం నిలిపే ఆపరేషన్, అవసరమైన తల్లికి ఆలస్యం చేయకూడదు. కానీ వందలో అరవై మందికి అవసరమా అన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే.

ఆ ప్రశ్న తెలంగాణలోనే అడిగారు. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫ్‌లకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఆ సంస్థ కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ ప్రారంభించాయి. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. కాన్పులు ఎక్కువగా జరిగే ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌ల చేతుల్లో నడిచే విభాగాలు ఉండాలి, ఇబ్బంది లేని కాన్పులను వాళ్ళు చూడాలి, ఇబ్బంది కనిపిస్తే పక్కనే డాక్టరు ఉండాలి అన్నది దాని సారాంశం. తమిళనాడు 2000ల దశకంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముగ్గురేసి స్టాఫ్ నర్సులను పెట్టి 24 గంటలూ కాన్పులు జరిగేలా చేసింది. ఊళ్ళో ముగ్గురే ఉంటే, వాళ్ళ ముఖాలు తల్లులకు ఎలాగూ తెలుస్తాయి.

మద్రాసుకు ఇది కొత్త విద్య కాదు. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రి 1844 నాటిది. మిడ్‌వైఫ్‌ల శిక్షణకు ఇక్కడ 1854లోనే ప్రభుత్వ అనుమతి వచ్చింది. నర్సులు, మిడ్‌వైఫ్‌ల రిజిస్ట్రేషన్‌కు 1926లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో చట్టం చేశారు. మీ పిల్లలు అడుగుపెడుతున్నది అంత పాత, అంత గౌరవమైన దారిలో.

ఇక పిల్లలకు రెండు మూడు పనికొచ్చే మాటలు. ఏ.ఎన్.ఎం. రెండేళ్ళు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు. జి.ఎన్.ఎం. గానీ బి.ఎస్సీ. గానీ చేసి, కాన్పుల వార్డులో అనుభవం సంపాదించాక, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే 18 నెలల చదువు ఉంది. కాలేజీలో చేరే ముందు దానికి గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ జాబితాలో మీరే చూసుకోండి, బ్రోకరు మాట మీద డబ్బు కట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. తెలుగు, తమిళం రెండూ బాగా మాట్లాడటం నేర్చుకోండి. చెన్నై ఆసుపత్రులకు సరిహద్దు జిల్లాల నుంచి తెలుగు తల్లులు వస్తుంటారు. నొప్పుల్లో ఉన్న మనిషికి అమ్మ భాషే నోటికి వస్తుంది. "ఓర్చుకో తల్లీ, నేనున్నా" అని ఆ భాషలో చెప్పే మనిషి పక్కన ఉంటే ఎంత బలమో నేను చూశాను.

ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం ఒక్కటే అడగకండి. వార్డులో ఎంతమందికి ఎంతమంది నర్సులు, వారంలో సెలవు ఎన్నాళ్ళు, అనుమానం వస్తే రాత్రి డాక్టరు పలుకుతారా, ఇవి కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని వెనకాడకండి. మీరు నిలబడగలిగితేనే తల్లి నిలబడుతుంది.

ఇందాక నన్ను ప్రశ్న అడిగిన తల్లికి ఇప్పుడు జవాబు చెబుతాను. అమ్మా, నీ బిడ్డ రక్తాన్ని తట్టుకుంటుంది, రాత్రుల్నీ తట్టుకుంటుంది. ఒంటరితనాన్ని మాత్రం ఎవరూ తట్టుకోలేరు. పనిలో ఆమెకు జతగా ఇద్దరు ముగ్గురు మంచి మనుషులు ఉండాలి. ఇంట్లో మీరుండాలి. డ్యూటీ దిగి వచ్చిన రోజు పగలు నిద్రపోతుంటే "ఆడపిల్లకు ఇంత నిద్రేమిటి" అనకండి. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు రాత్రి డ్యూటీ సంగతి ముందే చెప్పండి, దాచకండి. మా ఆయన తలుపు తీసి, టార్చిలైటు చేతికిచ్చి పంపబట్టే నేను తొమ్మిదేళ్ళు ఆ పని చేయగలిగాను.

పోయిన సంవత్సరం నెల్లూరు వెళ్ళినప్పుడు బస్టాండులో ఒకామె నన్ను ఆపింది. నేను గుర్తుపట్టలేదు. ఆమె పక్కనున్న అబ్బాయిని ముందుకు తోసి, "నర్సమ్మా, ఆ రోజు జీపులో పోయాం, జ్ఞాపకముందా? వీడే" అంది. ఆమె వేలికి ఉంగరం ఉంది. నాకు మాట రాలేదు.

ఈ ట్రస్టు ఇస్తున్న డబ్బుతో చదువుకునే పిల్లల్లో ఒక్కరైనా అలాంటి నలుగురిలో ఒకరు కావాలని కోరుకుంటున్నాను.